స్వభాషకు తొలి పుస్తకమిచ్చిన పాదిరి – ప్రిమోజ్ ట్రూబర్

ఈ శతవార్షిక సంచికలో మన ప్రాంతమున పరిచర్య చేసిన మిషనెరీలను గూర్చియు, మన సంఘ పెద్దలను గూర్చియు సోదర సోదరీలు అనేకులు వ్రాయుచున్నారు. 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలకు వచ్చి, పల్నాటి పల్లెలలో తిరిగిన ఫాదర్ హయ్యర్ గారి కథ మన ఇండ్లలో పిల్లలకు సయితము తెలిసినదే. అందుచేత మేము వేరొక దారి పట్టితిమి. మాచర్ల, గురజాల, నరసరావుపేట సంఘములలో చాలమంది విని ఉండని ఒక పాదిరిగారి జీవితమును ఇక్కడ వ్రాయుచున్నాము. ఆయన పేరు ప్రిమోజ్ ట్రూబర్. ఐరోపాలోని స్లొవీను జాతివాడు. ఆయన ప్రభువునందు నిద్రించి నాలుగు వందల ఏండ్లు దాటినది. తన దేశములో ఆయనను ఎరుగనివారు లేరు.

ఆయనతో మనకేమి పని అని చదువరులు అడుగవచ్చును. తెలుగు అక్షరములతో మొట్టమొదటి పుస్తకములు ఎక్కడ అచ్చయినవో ఒక్కసారి జ్ఞాపకము చేసికొందము. చెన్నపట్నములో కాదు, బందరులో కాదు. జర్మనీ దేశమున హాలే అను పట్టణములో, 1746, 1747 సంవత్సరములలో అచ్చయినవి. అచ్చువేయించినవాడు బెంజమిన్ షుల్జ్ అను లూథరన్ మిషనెరీ. ఆయన చెన్నపట్నములో ఉండి తెలుగు నేర్చి, వ్యాకరణము వ్రాసి, బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసెను. ఆ తర్జుమా అచ్చునకు నోచుకొనలేదు. 1743లో స్వదేశమునకు మరలిన పిమ్మట కొన్ని చిన్న వేదబోధ పుస్తకములను మాత్రము తెలుగు అచ్చులు పోయించి ముద్రింపించెను. స్లొవీను భాషలో మొదటి పుస్తకములు కూడ ఆ ప్రజల దేశములో అచ్చుకాలేదు. అవియు జర్మనీలోనే, మన పుస్తకములకు దాదాపు రెండు వందల ఏండ్లకు ముందు, 1550లో అచ్చయినవి. అయితే ఒక భేదము కలదు. షుల్జ్ గారు మన భాషను నేర్చుకొన్న పరదేశి. ట్రూబర్ తన తల్లి నేర్పిన మాటలనే, తల్లిదేశమునుండి వెళ్లగొట్టబడి, పరదేశములో కూర్చుండి వ్రాసినవాడు.

స్లొవీనులు చిన్న జాతి. ఆల్ప్స్ పర్వతములకు దక్షిణమున, ఒకవైపు ఇటలీ, మరొకవైపు ఆస్ట్రియా, తక్కిన వైపుల హంగేరీ, క్రొయేషియా దేశముల నడుమ వారి స్లొవేనియా కలదు. జనాభా ఇరవై లక్షలకు కొంచెము పైమాట. మన పల్నాడు జిల్లా జనాభా ఎంతయో ఇంచుమించు అంతే! వారి భాష రష్యను, పోలిషు, చెక్ భాషలకు చుట్టము. ఆ భాషలో ఏకవచనము, బహువచనము మాత్రమే గాక ద్వివచనము కూడ నేటికిని వాడుకలో నున్నది. సంస్కృతము చదివిన మన పెద్దలకు ఇది క్రొత్త కాదు గాని, ఐరోపా భాషలలో ఇట్టిది నిలుచుట అరుదు. భార్యాభర్తలిద్దరు వచ్చిరనుటకు ఒక క్రియారూపము, ముగ్గురు వచ్చిరనుటకు వేరొక క్రియారూపము వాడుదురు.

ట్రూబర్ కాలమున ఈ భాషకు గౌరవము లేదు. దేశమునేలినది హాబ్స్‌బర్గు రాజవంశము. దొరలు మాటలాడునది జర్మను, గుడిలో వినబడునది లాటిను, సముద్రతీర పట్టణములలో వర్తకులది ఇటాలియను. స్లొవీను కాపుల భాష, పాలేర్ల భాష. ప్రసంగము వరకు పాదిరులు ఆ భాషలో చేసెడివారు గాని, దానిని పుస్తకములోనికి ఎక్కింపవచ్చునని ఎవరును తలచలేదు. మనకు నన్నయ్య, తిక్కన ఉండిరి. మన కారెంపూడి, మాచర్ల వీరుల కథను శ్రీనాథుడు ద్విపదలో వ్రాసెనని చెప్పుకొనుచున్నాము. వారికి 1550 నాటికి అట్టివారెవరును లేరు. వెయ్యేండ్ల క్రిందట ఒక లాటిను గ్రంథములో ఎవరో వ్రాసియుంచిన మూడు చిన్న స్లొవీను వ్రాతలు, పాపపు ఒప్పుకోలు ప్రార్థనలును ఒక ప్రసంగమును, మ్యూనిక్ నగరమున నేటికిని భద్రముగా నున్నవి. కాని అవి పంతొమ్మిదవ శతాబ్దపు ఆరంభమువరకు పండితుల కంటబడలేదు. ట్రూబర్ వాటిని ఎరుగడు. తనకు ముందు తన భాషలో ఎవరును ఒక్క అక్షరమైనను వ్రాయలేదనియే ఆయన నమ్మెను.

ఆయన 1508లో కార్నియోలా సీమలోని రాషిట్సా అను పల్లెలో పుట్టెను. తండ్రి మిహాయెల్ పిండిమర నడుపుకొనువాడు, వడ్రంగము తెలిసినవాడు, గుడి తాళపుచెవులు చూచుకొనువాడు. వారు తురియాక్ కోటలోని దొరలకు లోబడిన రైతులు. పన్నెండేండ్ల వయస్సున బాలుని రియెకా అను రేవుపట్టణమునకు చదువునకు పంపిరి. అక్కడనుండి సాల్జ్‌బర్గ్ పోయి పేద విద్యార్థిగా చదివెను. 1524లో ట్రియెస్టె నగరమున బిషప్ పియెత్రో బొనోమో గారి చెంతకు చేరెను. ఆ చేరుటయే ఆయన జీవితమును మార్చినది.

బొనోమో గారు రోమను కథోలిక బిషప్పు, కవి, రాజకార్యములు చక్కబెట్టిన అనుభవశాలి. తన ఇంట చేరిన యువకులకు వర్జిల్ కవి కావ్యమును, ఎరాస్ముస్ పండితుని వ్యాఖ్యానములను బోధించెడివాడు. బోధించునప్పుడు అర్థము ఇటాలియనులో చెప్పును, జర్మనులో చెప్పును, స్లొవీనులో కూడ చెప్పును. పిండిమర ఇంటి భాషలో వర్జిల్ కావ్యమునకు అర్థము చెప్పవచ్చునని ట్రూబర్ మొదట అక్కడ వినెను. ఆయన పెద్ద విశ్వవిద్యాలయపు పట్టభద్రుడు కాలేదు. 1528లో వియన్నాలో చేరెను గాని, తురకల దండయాత్ర భయమున చదువు సాగక తిరిగి వచ్చెను. 1530లో బొనోమో గారే ఆయనకు గురుపట్టమిచ్చిరి. మా ఎరుకలో ఒక బిషప్పు తన శిష్యునికి ఇచ్చిన దానములలో, ఆ ముగ్గురు భాషల బోధను మించినది అరుదు.

కొంతకాలము పల్లె విచారణలలో పనిచేసి, పిమ్మట లుబ్లియానా నగరపు పెద్ద గుడిలో ఆయన ప్రసంగీకుడాయెను. అక్కడ ఆయన ప్రసంగములు కలవరము పుట్టించినవి. ప్రభువు బల్లయొద్ద రొట్టెతో పాటు ద్రాక్షారసము కూడ విశ్వాసులందరికి ఇయ్యవలెననెను. పాదిరులు వివాహమాడుట తప్పు కాదనెను. ఆ రోజులలో ఎవరో ఒక స్త్రీకి కలలో పరిశుద్ధుడు కనబడెననుట, ఆ కొండమీద క్రొత్త గుడి కట్టుట, జనము కానుకలు మోసికొని పోవుట విరివిగా జరుగుచుండెను. దానిని ఆయన గట్టిగా ఖండించెను. 1540లో నగరము విడువవలసివచ్చి మరల ట్రియెస్టె చేరెను. 1542లో లుబ్లియానాకు తిరిగి వచ్చి పెద్ద గుడిలో కాననుగా నియమింపబడెను. అయితే ఆయనకు కొండంత అండయైన బొనోమో గారు 1546లో చనిపోయిరి. మరుసటి సంవత్సరమే లుబ్లియానా బిషప్పు ఉర్బాన్ టెక్స్టర్ ఆయనను బంధింప నాజ్ఞాపించెను. ట్రూబర్ చిక్కలేదు. కాని ఆయన పుస్తకములన్నియు జప్తు చేయబడినవి, ఆయన సంఘమునుండి వెలివేయబడెను. 1548లో ఆయన జర్మనీ చేరెను. అప్పటికి ఆయనకు నలువది ఏండ్లు. చేతిలో పుస్తకము లేదు, దేశము లేదు, తన మాట వినుటకు సంఘము లేదు.

రోథెన్‌బర్గ్ అను పట్టణములో ఆయనకు పాదిరి ఉద్యోగము దొరికినది. అక్కడ బార్బరా అను ఆమెను వివాహమాడెను. చుట్టు జర్మను వినబడుచుండగా రాత్రులు తన పల్లెమాటలను కాగితముమీద పెట్ట మొదలుపెట్టెను. ఈ పని ఎంత కష్టమో మనము కొంచెము ఆలోచింపవలెను. ముందు వ్రాసినవారు లేరు. నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు. లాటిను అక్షరమాలలో లేని ధ్వనులు ఆ భాషలో కలవు. మన శకార చకారములవంటి ధ్వనులకు ఏ గుర్తు పెట్టవలెను? పైగా ఆ చిన్న దేశములో లోయకొక యాస. మన మాచర్ల మాట గోదావరి జిల్లావారికి వింతగా తోచినట్లే, ఒక లోయవారి మాట మరొక లోయవారికి వింత. ఆయన తాను పుట్టిన సీమ మాటను, తాను ప్రసంగించిన లుబ్లియానా మాటను ఆధారము చేసికొనెను. వీనిలో ఏది ఎక్కువ అని పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు. జనము వాడుచున్న జర్మను మాటలను కూడ ఆయన త్రోసివేయలేదు. తరువాతి కాలపు పండితులు దీనిని తప్పుపట్టిరి. మాకు మాత్రము ఆయనే సరియని తోచుచున్నది. పాదిరి, స్కూలు, కచేరీ అను మాటలు ఎక్కడనుండి వచ్చినవో వెదకి ఏరివేసినచో మన ప్రసంగములు మన అవ్వలకే అర్థము కాకుండును!

వ్రాసినది అచ్చువేయుట ఇంకొక కష్టము. 1548లో చక్రవర్తి జారీచేసిన శాసనముచే జర్మనీలో సంస్కరణ పుస్తకములను అచ్చువేయుట ప్రమాదకరమై యుండెను. చివరకు 1550లో ట్యూబింగెన్ పట్టణమున ఉల్రిఖ్ మోర్హార్ట్ అను ముద్రాపకుడు రహస్యముగా రెండు చిన్న పుస్తకములు అచ్చువేసెను. ఒకటి క్యాటికిజము, అనగా ప్రశ్నోత్తర రూపమైన వేదబోధ. రెండవది అక్షరములు నేర్పు బాలశిక్ష. మొదటి పుటలో రచయిత అసలు పేరు లేదు, దేశాభిమాని అను అర్థము వచ్చు మారుపేరు కలదు. ముద్రించిన ఊరి పేరును, ముద్రాపకుని పేరును కూడ కల్పితములే. ఎక్కడో ట్రాన్సిల్వేనియాలో అచ్చయినట్లు వేసిరి.

ఆ క్యాటికిజములో పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన మాత్రమే గాక, స్వరములతో సహా పాటలు కూడ కలవు. చదువురానివాడు పాటగానైనను నేర్చుకొనునని ఆయన ఉద్దేశము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కంఠస్థము చేసి, అక్షరము రాకయే వేదాంతము చెప్పగలిగిన పాత తరమును ఎరిగిన మనకు ఇది వివరింప నక్కరలేదు. ఇంకొక విశేషము. ఆ పుస్తకములో ఆయన తన చదువరులను స్లొవీనులారా అని పిలిచెను. అంతకుముందు వారు కార్నియోలా వారు, స్టిరియా వారు, కారింథియా వారు. ఏ సీమవాడు ఆ సీమవాడే. అందరికి కలిపి ఆ పేరు అచ్చులో పెట్టినది ఆయనయే.

తరువాత ఐదేండ్లు మరి పుస్తకము రాలేదు. పియెర్ పావొలో వెర్జేరియో అను ఆయన, ఒకప్పుడు కథోలిక బిషప్పుగా నుండి సంస్కరణలో చేరినవాడు, క్రొత్త నిబంధనను తర్జుమా చేయుమని ట్రూబర్‌ను పురికొల్పెను. తనకు గ్రీకు రాదు, హీబ్రూ రాదు అని ఆయన సంకోచించెను. అయినను లాటిను, జర్మను, ఇటాలియను తర్జుమాలను ప్రక్కప్రక్కన పెట్టుకొని మొదలుపెట్టెను. 1555లో మత్తయి సువార్త వచ్చినది. ఈసారి ముద్దయైన జర్మను అచ్చులను విడిచి, చదువుటకు తేలికయైన లాటిను అచ్చులు వాడిరి. స్లొవీనులు నేటికిని లాటిను అక్షరములే వాడుచున్నారు. 1557లో నాలుగు సువార్తలును అపొస్తలుల కార్యములును, ఆ వెనుక పత్రికలు కొన్ని కొన్నిగా, 1577లో చివరి భాగము వెలువడినవి. 1582లో క్రొత్త నిబంధన అంతయు కలిపి మరల అచ్చయినది. మొదటి సువార్తనుండి లెక్కించిన ఇరువదియేడు సంవత్సరముల పని. నడుమ 1566లో కీర్తనల గ్రంథము కూడ వెలువడినది.

1561లో ఉరాఖ్ అను ఊరిలో హాన్స్ ఉంగ్నాడ్ అను ప్రభువు ఒక ముద్రణాలయము పెట్టెను. తన విశ్వాసము నిమిత్తము పదవి విడిచి వచ్చినవాడాయన. అక్కడ ట్రూబర్ ఆధ్వర్యమున క్రొయేషియను భాషలో కూడ పుస్తకములు మూడు విధములైన లిపులలో అచ్చువేసిరి: లాటిను, సిరిలిక్, గ్లాగోలిటిక్. దక్షిణ స్లావు ప్రజలకందరికి, వీలైన తురకల రాజ్యములోనికి కూడ, సువార్త చేరవలెనని వారి ఆశ. 1564 డిసెంబరులో ఉంగ్నాడ్ గారు చనిపోవుటతో ఆ పని ఆగిపోయినది.

ఇంతలో స్వదేశమునుండి పిలుపు వచ్చెను. కార్నియోలా ప్రభువులు, పట్టణపు పెద్దలు చాలమంది సంస్కరణలో చేరియుండిరి. తురకలతో యుద్ధమునకు వారి ధనము, వారి సైన్యము కావలెను గనుక రాజు వారిని వెంటనే అణచలేకపోయెను. 1561లో ట్రూబర్ లుబ్లియానాకు తిరిగి వచ్చి అక్కడి సంఘములకు సూపరింటెండెంటాయెను. 1564లో సంఘ క్రమమును గూర్చిన పుస్తకము అచ్చువేయించెను. ఆరాధన ఏ భాషలో జరుగవలెను, పాదిరులను ఎట్లు పరీక్షింపవలెను అనుటయే గాక, ప్రతి విచారణలోను బడి ఉండవలెననియు, పిల్లలకు స్లొవీను చదువ, వ్రాయ నేర్పవలెననియు అందులో వ్రాసెను. రాజ్యాధికారము తనదైనప్పుడు సంఘ క్రమము నిర్ణయించుటకు ఈ పాదిరి ఎవడని ఆర్చిడ్యూకు చార్లెస్ ఆగ్రహించెను. 1565లో ట్రూబర్ శాశ్వతముగా దేశమునుండి వెళ్లగొట్టబడెను.

ఇక్కడ ఒక మాట వ్రాయక ముందుకు పోలేకున్నాము. మన మిషనెరీలు కూడ గుడి కట్టకముందే బడి పెట్టిరి. తాటాకుల పాకలో ఇసుకమీద అ ఆలు దిద్దిన మన తాతలు ఆ అక్షరములతో బైబిలు చదివిరి. నేడు మన సంఘములలో ఆరాధనకు వచ్చు బిడ్డలు కొందరు తెలుగు కీర్తనను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని పాడుచున్నారు. పెద్దలు ఇచ్చిన తెలుగు బైబిలు అలమరలో నున్నది, చదువుట మాత్రము రాదు. ఇంగ్లీషు చదువు వద్దని మేమనుట లేదు, మా బిడ్డలును దానినే చదివిరి. కాని ట్రూబర్ ప్రతి విచారణలో బడి కోరినది ఎందులకో మన ఆదివారపు బడి పెద్దలు ఒకసారి కూర్చుండి మాటలాడుకొనుట అవసరము.

వెళ్లగొట్టబడిన పిదప ట్యూబింగెన్ ప్రక్కనున్న డెరెన్డింగెన్ అను పల్లెలో ఆయన పాదిరిగా నుండెను. దాదాపు ఇరువది ఏండ్లు అక్కడనే గడిపెను. స్లొవీను దేశమునుండి ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమునకు వచ్చు పేద విద్యార్థులకు ఆయన అండగా నిలిచెను. వారిలో ఒకడు యూరి దల్మాటిన్. ట్రూబర్ చేయలేని పనిని ఈ దల్మాటిన్ చేసెను, అనగా బైబిలు అంతయు స్లొవీనులోనికి తెచ్చెను. లుబ్లియానాలోనే అచ్చువేయవలెనని చూచిరి గాని, ఆర్చిడ్యూకు దానిని నిషేధించి అక్కడి ముద్రాపకుని దేశమునుండి వెళ్లగొట్టెను. అందుచేత లూథరు ఊరైన విట్టెన్‌బర్గునకు పోయి, 1584లో 1,500 ప్రతులు అచ్చువేసిరి. ఆ సంవత్సరమే, ఆ ఊరిలోనే ఆదామ్ బోహోరిచ్ అను ఉపాధ్యాయుడు స్లొవీను భాషకు మొదటి వ్యాకరణము ప్రకటించెను. బాలశిక్ష వెలువడిన ముప్పది నాలుగేండ్లకు బైబిలును, వ్యాకరణమును రెండును ఆ కాపుల భాషకు సమకూడినవి. ట్రూబర్ బ్రతికియుండి చూచెను.

చివరి దినములలో ఆయన లూథరు గారి ప్రసంగముల సంపుటిని తర్జుమా చేయుచుండెను. చేయి ఆడక, మంచముమీదనుండి పలుకుచుండగా ఇతరులు వ్రాసిరి. 1586 జూన్ 28న డెరెన్డింగెనులో కన్నుమూసెను. ఆ పుస్తకమును కుమారుడు ఫెలిత్సియాన్ 1595లో అచ్చువేయించెను.

ఆ తరువాతి కథ దుఃఖకరము. 1598లో ఆర్చిడ్యూకు ఫెర్డినాండ్ సంస్కరణ పాదిరులందరిని దేశము విడువనాజ్ఞాపించెను. ఫెలిత్సియాన్ కూడ తండ్రివలెనే పరదేశి ఆయెను. 1600 డిసెంబరు చివరను, 1601 జనవరిలోను లుబ్లియానాలో స్లొవీను పుస్తకములను బండ్లకెత్తి తెచ్చి కాల్చివేసిరి. ఆ కార్యమునకు పెద్ద బిషప్ తొమాజ్ హ్రెన్. ఈయనయు స్లొవీనువాడే. ఈయన చేసిన ఇంకొక పని మాకు ఆశ్చర్యము కలిగించినది. కాల్చిన పుస్తకముల రాశినుండి దల్మాటిన్ బైబిలును తప్పించి, తన పాదిరులు దానిని వాడుకొనుటకు రోమునుండి అనుమతి తెప్పించెను. విశ్వాసులకు స్వభాషలో వాక్యము వినిపింపవలెనన్న వేరొక పుస్తకము ఆయనకు లేదు. ఆ విధముగా, 1784లో కథోలిక పండితుడు యూరి యాపెల్ బైబిలు మొదటి భాగము వెలువడువరకు, రెండు వందల ఏండ్లు కథోలిక గుడులలో లూథరన్ తర్జుమాయే వినబడినది. ట్రూబర్ పేరు పలుకుట నిషేధమైన చోటనే ఆయన మాటలు ప్రతి ఆదివారము పలుకబడినవి.

హంగేరీ పాలనలోనున్న ప్రెక్‌మూరియే అను ఈశాన్యపు మూలలో మాత్రము కొందరు లూథరన్ స్లొవీనులు నిలిచిరి. వారి పాదిరి ష్టెఫాన్ క్యూజ్మిచ్ వారి యాసలో క్రొత్త నిబంధనను తర్జుమా చేసెను. అది 1771లో ఎక్కడ అచ్చయినదో చూడుడు: హాలే పట్టణములో! మన షుల్జ్ గారి తెలుగు పుస్తకములు అచ్చయిన పావు శతాబ్దమునకు, ఆ ఊరిలోనే.

స్లొవేనియా 1991లో స్వతంత్ర దేశమైనది. ఆ దేశస్థులలో అత్యధికులు కథోలికులు, లూథరనులు కొద్దిమందియే. అయినను అక్టోబరు 31, సంస్కరణ దినము, అక్కడ 1992 నుండి జాతీయ సెలవు. 2010 నుండి జూన్ 8ని ట్రూబర్ దినముగా పాటించుచున్నారు. 2007లో యూరో నాణెములు వచ్చినప్పుడు వారి ఒక యూరో నాణెముమీద వేసినది గడ్డముతో నున్న ఈ పాదిరి ముఖమునే.

1550లో అచ్చయిన ఆ క్యాటికిజము ప్రతి ప్రపంచములో నేడు ఒక్కటియే మిగిలినది. అది స్లొవేనియాలో లేదు. వియన్నాలోని ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయములో నున్నది. మొదటి పుటలో ఇప్పటికిని ట్రాన్సిల్వేనియా అనియే యున్నది.